ఆనర్స్ కాంట్రాక్టుకు ముందే కదలండి

అమెరికాలో పెద్ద విశ్వవిద్యాలయం లోపల, చదువులో ముందుండే విద్యార్థుల కోసం చిన్న కాలేజీలా నడిచేదే ఆనర్స్ కాలేజీ. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలోని బారెట్‌నే తీసుకోండి. మొదట్లో 'ది హ్యూమన్ ఈవెంట్' అనే చర్చా తరగతి, చివర్లో థీసిస్. ఈ రెండింటి గురించి అందరూ చెబుతారు. మధ్యలో వచ్చే కాంట్రాక్టు సంగతే ఎవరూ ఎత్తరు.

మామూలు తరగతిలోనే ఉంటూ, ప్రొఫెసర్‌తో మాట్లాడుకుని కొంత అదనపు పని చేస్తే దానికి ఆనర్స్ క్రెడిట్ వస్తుంది. అదే కాంట్రాక్టు. చాలామంది గడువు ముంచుకొచ్చాక వెళ్లి ఏదైనా పని ఇవ్వమంటారు. ఆయన పది పేజీల వ్యాసం రాయమంటారు. అది రాసేవారికీ విసుగే, చదివేవారికీ విసుగే.

సెమిస్టరు మొదటి వారంలోనే ఆఫీస్ అవర్స్‌కు, అంటే విద్యార్థులను కలవడానికి ప్రొఫెసర్ తన గదిలో ఉండే వేళకు, వెళ్లండి. వట్టి చేతులతో వెళ్లకండి. గణాంకశాస్త్రం తరగతి అనుకోండి, ఫీనిక్స్ వేసవి ఉష్ణోగ్రతల మీద ఫలానా పద్ధతి ప్రయత్నించవచ్చా అని కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకెళ్తే చాలు. (ప్రొఫెసర్ గది తలుపు తట్టాలంటే మన పిల్లలకుండే బెరుకు నాకు తెలుసు. ఆ వేళ చాలాసార్లు ఆయన ఒక్కరే కూర్చుని ఉంటారు.) ఆ చిన్న పనే రేపు థీసిస్‌కు విత్తనం కావచ్చు, ఆయనే మార్గదర్శకులూ కావచ్చు. ముఖపరిచయం లేనివారికి ఈమెయిళ్లు పంపి ఎదురుచూసే బాధ తప్పుతుంది. కుదిరిన ఒప్పందాన్ని మాత్రం నోటిమాటగా వదిలేయకుండా గడువులోపే నమోదు చేయించుకోండి.