మూడు నిమిషాలు, ఒక మైకు: మొదటి స్లామ్ కవితకు సిద్ధం కావడం ఎలా?

మొదటిసారి మైకు ముందు నిలబడినప్పుడు నా గొంతు వణకలేదు, చేతిలోని కాగితం వణికింది. ఆ గరగరను మైకు శ్రద్ధగా పట్టుకుని హాలంతా వినిపించింది. ముందు వరుసలో ఎవరో నవ్వు ఆపుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ రోజు ఏ కవిత చదివానో సరిగా గుర్తులేదు గానీ ఆ చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. కాగితాన్ని ఒక అట్టకు అతికించుకుని వెళ్లి ఉంటే సరిపోయేది! ఇలాంటి చిన్న సంగతులు ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

చెప్పడానికే రాసుకున్న కవితను స్పోకెన్ వర్డ్ అంటారు. దాన్ని పోటీగా పెట్టి, వినడానికి వచ్చినవాళ్ల చేతనే మార్కులు వేయిస్తే అది స్లామ్. షికాగోలో భవన నిర్మాణ పనులు చేసే మార్క్ స్మిత్ అనే కవి 1980లలో దీన్ని మొదలుపెట్టాడు. కవితా పఠనాలు కవులు కవులకే చదువుకునే నీరసమైన తంతుగా మారిపోయాయని ఆయన విసుగు. 1986లో గ్రీన్ మిల్ అనే జాజ్ క్లబ్బులో ఆయన పెట్టిన ఆదివారం స్లామ్ అందరి నోళ్లలో పడింది. 1990లో శాన్ ఫ్రాన్సిస్కోలో తొలి జాతీయ పోటీ జరిగింది. పోటీ అనేది జనాన్ని రప్పించడానికి వేసిన ఎర. ఈ మాట గుర్తుంటే తర్వాత మార్కుల దగ్గర గుండె జారదు.

ముందు ఒక సాయంత్రం ఊరికే విని రండి

మొదటిసారి కవిత పట్టుకుని వెళ్లకండి. పేరు కూడా ఇవ్వకండి. వెనక వరుసలో కూర్చుని వినండి. మైకు స్టాండు మీద ఉందా, చేతికిస్తున్నారా, వ్యాఖ్యాత కవులను ఎలా పిలుస్తున్నారు, సమయం దాటితే ఏం జరుగుతోంది అన్నవి గమనించండి. నచ్చిన పాదం వచ్చినప్పుడు కొందరు చప్పట్లకు బదులు చిటికెలు వేస్తారు. కవిత సాగుతుండగానే, దాని మీద శబ్దం పడకుండా మెచ్చుకునే అలవాటది.

అన్నిటికంటే ముఖ్యంగా, మీ మనసు ఎప్పుడు పక్కకు పోయిందో గుర్తుపెట్టుకోండి. ఏ కవి మాట్లాడుతుండగా మీ చెయ్యి ఫోను మీదకు వెళ్లింది? ఎక్కడ మళ్లీ తలెత్తారు? నేను అలా నాలుగు సాయంత్రాలు రాసుకున్న కాగితం ఏ పుస్తకం కన్నా ఎక్కువ నేర్పింది.

చెవి కోసం రాయడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. పుస్తకం చదివేవాడు అర్థం కాని చోట వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాడు. వినేవాడికి ఆ వెసులుబాటు లేదు. మాట గాలిలోకి వెళ్లిందంటే వెళ్లిందే.

తెలుగులో దీనికి ఇంకో చిక్కు కూడా ఉంది. మన వాక్యంలో క్రియ చివరికొస్తుంది. విశేషణాలు పేరుకుపోయి, అసలు మనిషి ఆఖరున గాని కనిపించడు. ఒకసారి నేను ఇలా రాసుకున్నాను:

“నిన్న సాయంత్రం వాన వెలిశాక, వీధి మలుపులో, ఎర్ర గొడుగు పట్టుకుని, ఎవరి కోసమో ఎదురుచూస్తూ నిలబడిన అమ్మ...”

కాగితం మీద ఇబ్బంది లేదు. పైకి చదివి వినిపిస్తే మిత్రుడు “ఎవరు నిలబడింది?” అన్నాడు. అమ్మ దగ్గరకు వచ్చేసరికి అతను గొడుగును మరిచిపోయాడు. మార్చాక ఇలా వచ్చింది:

“అమ్మ నిలబడి ఉంది.
వీధి మలుపులో.
చేతిలో ఎర్ర గొడుగు.
వాన వెలిసి గంటయింది.
గొడుగు ఇంకా తెరిచే ఉంది.”

ఎదురుచూస్తోందని ఇప్పుడు ఎక్కడా చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా. మనిషిని ముందు నిలబెట్టి, వస్తువును చేతికిచ్చి, అసలు సంగతిని ఆఖరి పాదానికి దాచుకుంటే వినేవాళ్లు మీ వెంట నడుస్తారు.

పొడవైన సమాసాలు కంటికి అందంగానే ఉంటాయి, చెవి మాత్రం వాటిని విడదీసుకునే లోపల రెండు పాదాలు దాటిపోతాయి. ఒకేలా వినిపించే మాటలతోనూ జాగ్రత్త. “నా కల చెదిరింది” అని మీరంటే, సగం మందికి “కళ” అని వినిపించవచ్చు. ముందో వెనకో నిద్ర గురించి ఒక మాట ఉంటే అనుమానం ఉండదు. ఇక ప్రాస, అనుప్రాస మన చెవికి ఎలాగూ ఇష్టమే. అయితే వాటి కోసం అర్థాన్ని వంచితే వినేవాళ్లు వెంటనే పట్టేస్తారు. నాకు ఎక్కువ అక్కరకొచ్చింది పల్లవి లాంటి పాదం: ఒకే వాక్యం రెండుసార్లు అదే రూపంలో వచ్చి, మూడోసారి ఒక్క మాట మారి రావడం. మూడోసారికి హాలు ఆ వాక్యాన్ని మీకంటే ముందే అనుకుంటుంది, మారిన మాట అక్కడ తగులుతుంది.

విషయం ఏదైనా కావచ్చు, కానీ “సమాజం”, “ప్రేమ” అంత పెద్దవాటి జోలికి మొదటే పోకండి. ఒక మనిషి, ఒక గది, ఒక పూట చాలు. స్లామ్‌లో సొంత గాయాలు చెప్పుకునేవాళ్లు ఎక్కువ. అది ఈ కళకున్న బలం, దాని ప్రమాదం కూడా అదే. ఇంకా పచ్చిగా ఉన్న గాయాన్ని వేదిక మీద విప్పితే, ఆ రాత్రి మీరొక్కరే దాన్ని మోసుకుని ఇంటికి వెళ్లాలి. మార్కుల కోసం అలా చేయాలనిపిస్తే ఆ కవితను ఒక ఏడాది పక్కన పెట్టండి. చెల్లెలి కథో, స్నేహితుడి కథో చెబుతుంటే ముందు వాళ్లను అడగండి.

సమయం కొలుచుకోవడం

మామూలు నియమం మూడు నిమిషాలు, ఆపైన పది సెకన్ల వెసులుబాటు. 3:10 దాటాక ప్రతి పది సెకన్లకూ అర మార్కు పోతుంది. చాలా చోట్ల మీరు శ్రోతలతో మాట్లాడిన క్షణం నుంచే గడియారం మొదలవుతుంది. అంటే “అందరికీ నమస్కారం, ఈ కవిత నేను ఎందుకు రాశానంటే” కూడా ఆ మూడు నిమిషాల్లోదే. ఉపోద్ఘాతం మానేయండి. వివరణ ఇస్తేగాని అర్థం కాని కవితను దిద్దుకోవలసిందే.

నా వేగానికి రెండు వందల యాభై పదాలు దాటితే పరుగు మొదలవుతుంది. మీ లెక్క వేరు కావచ్చు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, నిలబడి, పైకి చదివి చూసుకోండి. మనసులో చదువుకుంటే లెక్క తప్పుతుంది. 2:40 దగ్గర ఆగేలా కత్తిరించండి, ఎందుకంటే నవ్వులు, చప్పట్లు, మీ సొంత విరామాలు మిగతాది తినేస్తాయి.

నోటికి రావడం

కాగితం చూసి చదవడం తప్పేమీ కాదు. అయినా కంఠస్థం వస్తే కళ్లు ఖాళీ అవుతాయి, ఎదుటివాళ్ల ముఖాలు కనిపిస్తాయి.

కవితను నాలుగైదు ముక్కలు చేసుకోండి. ఒక్కో ముక్కకు ఒక బొమ్మ పెట్టుకోండి: గొడుగు, తలుపు, ఉత్తరం, అలా. మాట జారినా బొమ్మ జారదు. నడుస్తూ చెప్పుకోండి. తర్వాత మధ్యలోంచి మొదలుపెట్టడం సాధన చేయండి. మొదటి పాదం నుంచి మాత్రమే వచ్చే కవిత ఒక్క చోట తెగితే మొత్తం తెగుతుంది. చివరగా, గిన్నెలు కడుగుతూనో బట్టలు మడతపెడుతూనో చెప్పి చూడండి. చేతులు వేరే పనిలో ఉన్నా నోరు తడబడకపోతే వేదిక మీద కంగారును కూడా అది తట్టుకుంటుంది.

ఈ దశలో ఒకసారి రికార్డు చేసుకుని వినండి. మన గొంతు మనకు నచ్చదు, అది వేరే సంగతి. ప్రతి పాదం చివరా ఒకే రాగం తీస్తున్నారేమో వినండి. స్లామ్ కవులందరూ ఒకరి నుంచి ఒకరు అంటించుకునే ఒక సాగదీత ఉంది. నాకు అది వింటే ఒళ్లు మండుతుంది, నా మొదటి రికార్డింగుల నిండా మాత్రం అదే ఉంది. దానికి విరుగుడు: ఎదురుగా ఒక మిత్రుణ్ని కూర్చోబెట్టి, అదే కవితను జరిగిన సంగతి చెబుతున్నట్టు చెప్పడం. ఎక్కడ గొంతు సహజంగా పెరిగిందో అక్కడే పెంచండి. అరుపు ఒక్కసారికే పనిచేస్తుంది. గొంతు తగ్గించడం చాలాసార్లు పనిచేస్తుంది.

ఆ రోజు, మైకు దగ్గర

వేషం, వస్తువులు, వాద్యాలు స్లామ్‌లో మామూలుగా కుదరవు. మీ గొంతు, మీ ఒళ్లు, మీరు సొంతంగా రాసిన మాటలు మాత్రమే. కాబట్టి మైకుతో స్నేహం చేసుకోండి. స్టాండు ఎత్తు సరిచేసుకున్నాకే నోరు విప్పండి. మైకు మీద తట్టకండి, ఊదకండి. నోటికీ మైకుకూ మధ్య నాలుగు వేళ్ల దూరం ఉంచి, కొంచెం పక్కగా పెట్టుకోండి. ప, ఫ, బ, భ అక్షరాలతో వచ్చే గాలి నేరుగా తగిలితే “ధబ్” మంటుంది. తల పక్కకు తిప్పితే గొంతు మాయమవుతుంది, ఆ సంగతి చెప్పేవాడికి తప్ప అందరికీ తెలుస్తుంది.

మొదటి మాటకు ముందు ఒక పూర్తి ఊపిరి తీసుకోండి. ఆ నిశ్శబ్దం మీకు యుగంలా అనిపిస్తుంది, వాళ్లకు రెండు సెకన్లు.

మరిచిపోతే? మరిచిపోతారు. క్షమాపణ చెప్పకండి. ఆఖరుగా గుర్తున్న పాదాన్ని ఇంకోసారి, కాస్త నెమ్మదిగా చెప్పండి. శ్రోతలు దాన్ని పల్లవి అనుకుంటారు. అప్పటికీ రాకపోతే తర్వాతి బొమ్మలోకి దూకండి. మీరు ఆగిపోయారని తెలిస్తే హాలు చిటికెలు వేస్తుంది. ఆ చిటికెలకు అర్థం తొందరపడమని కాదు, మేమున్నామని.

మార్కుల సంగతి

శ్రోతల్లోంచి అప్పటికప్పుడు ఎంచుకున్న అయిదుగురు సున్నా నుంచి పది వరకు, దశాంశంతో మార్కులు వేస్తారు. అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే తక్కువ వచ్చినవి తీసేసి మిగతా మూడూ కలుపుతారు. మీకు 7.8, 8.4, 8.1, 9.3, 6.9 వచ్చాయనుకోండి. 9.3, 6.9 పోగా 24.3 మిగులుతుంది. మీరు 3:25 వరకు సాగదీసి ఉంటే ఒక మార్కు పోయి 23.3.

సాయంత్రం గడిచేకొద్దీ మార్కులు పెరుగుతూ పోతాయన్నది స్లామ్‌లో అందరికీ తెలిసిన నిజం. అందుకే పోటీలో లేని ఒకరిని ముందుగా పిలిచి, న్యాయనిర్ణేతల చెయ్యి తిరగడానికి ఒక కవిత చెప్పిస్తారు. సరదాగా “బలి కవి” అంటారు. ఆ అవకాశం అడిగి మరీ తీసుకోండి. ఓడిపోయే భయం లేకుండా నిండు హాలు ముందు నిలబడే చోటు అంతకు మించి దొరకదు.

ఆ తర్వాత, కుర్చీలో

మీ వంతు అవగానే వెళ్లిపోకండి. ఆ ఒక్క పనితో మీరెంత మంచి కవైనా మనసుల్లోంచి జారిపోతారు. చివరిదాకా కూర్చుని, నచ్చినవారి దగ్గరకు వెళ్లి “బాగుందండీ” అని ఊరుకోకుండా మీకు గుర్తుండిపోయిన పాదాన్ని వాళ్లకే తిరిగి చెప్పండి. ఎవరి కవితనైనా వీడియో తీసే ముందు వాళ్లను అడగండి.

మీకు దగ్గర్లో ఇలాంటి వేదిక లేకపోతే మీరే పెట్టుకోవచ్చు. పదిహేను కుర్చీలు, మాట నిలబెట్టే ఒక వ్యాఖ్యాత, సమయం చూసే ఒకరు, లెక్కలు కలిపే ఒకరు చాలు. చిన్న గదిలో మైకు కూడా అక్కరలేదు. మొదటి మూడు నెలలూ మార్కులు లేని ఓపెన్ మైక్‌గానే నడపండి, జనం అలవాటు పడ్డాక పోటీ పెట్టండి. పేర్లు రాసే కాగితం తలుపు దగ్గర ఉంచండి, ఎవరు ముందన్నది చీటీలు తీసి తేల్చండి. రోజు మాత్రం మార్చకండి. నెలలో రెండో శనివారం అనుకుంటే ముగ్గురే వచ్చినా రెండో శనివారమే. ఆ ముగ్గురికీ కవిత చెప్పి, తర్వాతి తేదీ పలక మీద రాసి తలుపు వేయండి.