వ్యాయామం ఆపాక కరిగే కేలరీలు: ఎంత గట్టిగా చేస్తే ఎంత?

ట్రెడ్‌మిల్ దిగాక కూడా కాసేపు రొప్పుతూనే ఉంటాం. కాళ్లు ఆగినా ఒంట్లో పని ఆగదు. కండరాలకు తక్షణ శక్తినిచ్చే ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ వాడేసినంతా మళ్లీ నిండాలి. గట్టి పనిలో పేరుకున్న లాక్టేట్ అనే పదార్థంలో కొంత తిరిగి గ్లైకోజన్‌గా, అంటే ఒంట్లో దాచుకునే చక్కెరగా మారాలి. ఒళ్లు వేడిగా, అడ్రినలిన్ ఎక్కువగా ఉన్నంతసేపూ గుండె, ఊపిరితిత్తులు మామూలు కంటే ఎక్కువే పనిచేస్తాయి. వీటన్నిటికీ అదనపు ఆక్సిజన్ కావాలి. 1923లో బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త ఎ.వి. హిల్ దీన్ని ‘ఆక్సిజన్ అప్పు’ అన్నారు. ఆ మాట జరిగేదాన్ని సరిగ్గా చెప్పడం లేదని 1984లో గేసర్, బ్రూక్స్ అనే పరిశోధకులు ‘ఈపీఓసీ’ (వ్యాయామం తర్వాతి అదనపు ఆక్సిజన్ వాడకం) అని పేరు మార్చారు. జిమ్ముల్లో వినిపించే ఆఫ్టర్‌బర్న్ ఇదే. లెక్క సులువు: ఒంట్లో లీటరు ఆక్సిజన్ ఖర్చయితే దాదాపు 5 కేలరీలు కరిగినట్టు.

తీవ్రత పెరిగితే ఈ ఖర్చు ఎలా పెరుగుతుందో నార్వేలో బార్, సేయర్‌స్టెడ్ అనే పరిశోధకులు కొలిచి 1991లో ప్రచురించారు. సైకిల్ మీద అవే 80 నిమిషాలు, మూడు తీవ్రతలు. గరిష్ఠ ఆక్సిజన్ సామర్థ్యంలో (ఒళ్లు అత్యధికంగా వాడుకోగల ఆక్సిజన్‌లో) 29 శాతం దగ్గర తొక్కినప్పుడు తర్వాతి అదనపు వాడకం 1.3 లీటర్లు, అంటే ఆరేడు కేలరీలు. పావుగంట, ఇరవై నిమిషాల్లోనే అయిపోయింది. 50 శాతం దగ్గర 5.7 లీటర్లు, మూడు గంటల పైచిలుకు. 75 శాతం దగ్గర ఏకంగా 30 లీటర్లు, పదిన్నర గంటలు! 50 నుంచి 75కి తీవ్రత పెరిగింది ఒకటిన్నర రెట్లు, తర్వాతి ఖర్చు పెరిగింది ఐదు రెట్లకు పైగా. కబుర్లు చెప్పుకుంటూ పార్కులో వేసే రౌండ్లకు ఆఫ్టర్‌బర్న్ లేనట్టే లెక్క.

అలాగని ఎక్కువ ఆశపడొద్దు. వ్యాయామం చేస్తున్నప్పుడు అయ్యే ఖర్చులో తర్వాతి ఖర్చు సాధారణంగా 6 నుంచి 15 శాతం. ‘190 కేలరీలు అదనం’ అనే అంకె నెట్‌లో తెగ తిరుగుతుంటుంది. అది 2011 నాటి ఒక ప్రయోగంలోది: పదిమంది కుర్రాళ్లు 73 శాతం తీవ్రతతో ఆపకుండా 45 నిమిషాలు సైకిల్ తొక్కితే తర్వాతి 14 గంటల్లో వచ్చిన సగటు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఆ అంకెను తమ ఖాతాలో వేసుకోకూడదు. 70 కిలోల మనిషి కింద చెప్పిన పద్ధతి చేస్తే చేస్తున్నప్పుడు సుమారు 275 కేలరీలు, ఆ తర్వాత 20 నుంచి 40. టీలో వేసుకునే రెండు చెంచాల పంచదారతో అది సరి.

మరి గట్టిగా ఎందుకు చేయాలి? తక్కువ సమయంలో ఎక్కువ పని జరుగుతుంది, గుండె సామర్థ్యం పెరుగుతుంది. ఆఫ్టర్‌బర్న్ కొసరు మాత్రమే.

ముందు మీ గరిష్ఠ హార్ట్ రేట్ అంచనా వేసుకోండి. వయసును 0.7తో గుణించి 208 నుంచి తీసేయండి. 40 ఏళ్లకు నిమిషానికి 180. వ్యాయామంలో గట్టిగా చేసే భాగం అందులో 85 నుంచి 95 శాతం, అంటే 153 నుంచి 171. ఇది అంచనానే, మనిషిని బట్టి పది అటూ ఇటూ ఉంటుంది. అందుకే మాట పరీక్ష కూడా పెట్టుకోండి. గట్టి భాగం మూడో నిమిషంలో మీ ఫోన్ నంబరు చెప్పి చూడండి. పది అంకెలూ ఒక్క ఊపిరిలో వచ్చేస్తే తీవ్రత చాలదు. మూడు నాలుగు అంకెలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే సరైన చోట ఉన్నారు. ఒక్క అంకె కూడా పలకలేకపోతే ఎక్కువైంది, తగ్గించండి.

పద్ధతి ఇది. 10 నిమిషాలు వార్మప్, చివరికి కొద్దిగా చెమట పట్టేలా. తర్వాత 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు నెమ్మదిగా. గట్టి భాగాలు మొత్తం నాలుగు. చివర 5 నిమిషాలు నెమ్మది నడక. అంతా కలిపి 40 నిమిషాలు. ట్రెడ్‌మిల్ మీద వేగం కంటే వాలు పెంచడం మేలు: గట్టి భాగాన్ని గంటకు 5.5 కిలోమీటర్ల వేగం, 8 శాతం వాలుతో మొదలుపెట్టండి. పరుగు లేకుండానే ఆయాసం వస్తుంది, మోకాళ్లకు దెబ్బ తక్కువ. కడ్డీ పట్టుకుని వేలాడితే మాత్రం వాలు పెట్టి లాభం లేదు. ట్రెడ్‌మిల్ లేకపోతే వ్యాయామ సైకిలో, ఫ్లైఓవర్ ఎత్తో, అపార్ట్‌మెంట్ మెట్లో చాలు. మెట్లయితే ఎక్కేటప్పుడే గట్టిగా, దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని.

కొత్తవాళ్లు నేరుగా ఇందులోకి దూకొద్దు. మొదటి రెండు మూడు వారాలు రోజూ అరగంట చురుకు నడక. తర్వాత రెండు వారాలు 1 నిమిషం గట్టిగా, 2 నిమిషాలు నెమ్మదిగా, ఆరుసార్లు. అప్పుడు నాలుగు నిమిషాలకు రండి. వారానికి రెండుసార్లు చాలు, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. మిగతా రోజులు నడక.

బరువులకూ ఇదే సూత్రం. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ లాంటి పెద్ద కండరాల పనికి తర్వాతి ఖర్చు ఎక్కువ, బైసెప్ కర్ల్‌కు నామమాత్రం.

ఎక్కువమంది పొరబడేది మొదటి నాలుగు నిమిషాల్లోనే. ఉత్సాహంగా దూసుకెళ్లి, మూడో విడతకు చతికిలబడతారు. మొదటి విడత ‘ఇంకాస్త చేయగలను’ అనిపించేలా ముగియాలి. మరికొందరు నెమ్మది భాగాన్ని కూడా గట్టిగా చేస్తారు, దాంతో అసలు గట్టి భాగం మెత్తబడుతుంది. మొదటి నిమిషంలో హార్ట్ రేట్ పెరగలేదని కంగారుపడొద్దు, అది పనికంటే వెనకబడే వస్తుంది. రెండో నిమిషం తర్వాతే చూడండి. చెమటను కేలరీగా లెక్కపెట్టొద్దు. మే నెలలో విజయవాడలో మెట్లెక్కితే చెమట ధారలు కడుతుంది, అందులో ఎక్కువ భాగం ఎండ ఘనతే. ఆ నెలల్లో తెల్లవారుజామునే చేయండి. చటుక్కున ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి, చివరి ఐదు నిమిషాలు పెట్టింది అందుకే.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ‘ఇవాళ గట్టిగా చేశాం కదా’ అని దారిలో సమోసా తినడం, ఇంటికొచ్చి రోజంతా సోఫాలో కూలబడడం. ఒక్క సమోసాలో వారాల ఆఫ్టర్‌బర్న్ పోతుంది.

గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, చాన్నాళ్లుగా కదలనివాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారికి పై హార్ట్ రేట్ లెక్క పనిచేయదు, మాట పరీక్షే దిక్కు. ఇన్సులిన్ తీసుకునేవారికి గంటల తర్వాత, రాత్రి నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు. ఛాతీలో నొప్పి, బరువు, దవడకో చేతికో లాగినట్టు ఉంటే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి.

పురోగతి చూడాలంటే బరువు యంత్రం కంటే నాలుగో విడత చివరి హార్ట్ రేట్ మేలు. అదే వేగం, అదే వాలు, అప్పట్లో 170 కొట్టిన గుండె ఆరు వారాల తర్వాత 160 దగ్గర ఉంటే, వాలు ఒక శాతం పెంచండి.