స్ఫటిక మాల జిగురు వదలాలంటే

విశాఖ ఉక్కపోతలో రోజూ మెడలో స్ఫటిక మాల ఉంటే పూసల మధ్య చెమట జిగురు పట్టి మెరుపు తగ్గిపోతుంది. పౌర్ణమికి మాల శుద్ధి చేసుకునేవాళ్లకి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

రెండు కుంకుడుకాయలు గింజ తీసి, పావు లీటరు గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, పిసికి వడకట్టండి. అందులో మాలను ఐదు నిమిషాలు మాత్రం ఉంచి, మెత్తటి పళ్ల బ్రష్‌తో పూసల రంధ్రాల దగ్గర, ముడుల దగ్గర మెల్లగా రుద్దండి. మురికంతా దాక్కునేది అక్కడే. నురగ బూడిదరంగులోకి తిరుగుతుంది. రెండుసార్లు మంచినీళ్లలో జాడించి, నూలుగుడ్డ మీద రాత్రంతా ఆరనివ్వండి. దారం లోపల తడి ఉండగా వేసుకుంటే తొందరగా తెగుతుంది.

మర్నాడు నేనైతే ఇత్తడి పళ్లెంలో పెట్టి, వెన్నెల పడే కిటికీకి లోపలి వైపు ఉంచి జపం చేసుకుంటాను. ఆ కాసేపూ మనసుకి ఎంతో హాయి. బాల్కనీలో మాత్రం పెట్టకండి, బీచ్ రోడ్డు వైపు ఇళ్లయితే ఉప్పుతేమ మళ్లీ పట్టేస్తుంది.

ముత్యాలు, పగడాలు కలిపి గుచ్చిన మాలకి ఈ నానబెట్టడం పనికిరాదు, తడిగుడ్డతో తుడిచి వదిలేయండి. ఊదారంగు అమెథిస్ట్ ఉంటే ఎండలో ఆరబెట్టొద్దు, రంగు వెలిసిపోతుంది.