ఫైల్ సిస్టమ్ మనమే రాద్దాం – 4వ పాఠం: డైరెక్టరీలో పేరు వెతకడం

డైరెక్టరీ, అంటే ఫోల్డర్, కూడా ఒక ఫైలే. అందులో ఉండేవి పేర్లూ, ఒక్కో పేరుకు ఒక ఐనోడ్ నంబరూ (ఆ ఫైలు వివరాలు డిస్కులో ఎక్కడున్నాయో చెప్పే నంబరు). మన పర్లాకిమిడిలో స్కానింగ్ చేసే ఏ షాపు కంప్యూటర్ తెరిచినా ఒకే ఫోల్డర్‌లో వేల ఫైళ్లు కనిపిస్తాయి. కొన్ని పేర్లు తెలుగులో, కొన్ని ఒడియాలో. అలాంటి ఫోల్డర్‌లో 50,000 ఫైళ్లు ఉన్నాయనుకుందాం.

లైనక్స్ పాత ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ2లో ఒక్కో ఎంట్రీకి (ఒక పేరు, దాని వివరాలు) ముందు 8 బైట్లు ఉంటాయి: ఐనోడ్ నంబరుకు 4, ఎంట్రీ పొడవుకు 2, పేరు పొడవుకు 1, ఫైలు రకానికి 1. ఆ తర్వాత పేరు. మొత్తాన్ని 4 గుణిజానికి పెంచుతారు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు, ఒడియా గుర్తు ఏదైనా 3 బైట్లే. గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే. ‘పర్లాకిమిడి’లో 11 గుర్తులు, అంటే 33 బైట్లు. ఎంట్రీ 44 అవుతుంది. డిస్కును బ్లాకుల లెక్కన చదువుతాం. 4096 బైట్ల బ్లాకులో ఇలాంటివి 93 పడతాయి. పేర్లన్నీ ఇంతే పొడవనుకుంటే 50,000 ఫైళ్లకు 538 బ్లాకులు కావాలి.

ఈ ఎంట్రీలకు వరస ఉండదు కాబట్టి మొదటి నుంచి చూసుకుంటూ పోవాలి. ఉన్న పేరు వెతికితే సగటున సగం బ్లాకులు చదివితే చాలు. అసలు దెబ్బ కొత్త ఫైలు పెట్టేటప్పుడు పడుతుంది. ఆ పేరు ఇంతకుముందు లేదని తేల్చుకోవాలంటే చివరిదాకా చూడాల్సిందే. ఒక్కొక్కటిగా 50,000 ఫైళ్లు పెట్టేసరికి దాదాపు 125 కోట్ల ఎంట్రీలు తిరగేస్తాం. డిస్కు ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు.

దీనికి లైనక్స్ ప్రోగ్రామర్ డేనియల్ ఫిలిప్స్ 2001లో చూపిన దారి హెచ్‌ట్రీ. ఈఎక్స్‌టీ2 తర్వాతి రూపాలైన ఈఎక్స్‌టీ3, ఈఎక్స్‌టీ4లకు వచ్చింది అదే. పేరును 32 బిట్ల హాష్‌గా, అంటే పేరు నుంచి లెక్కగట్టిన ఒక సంఖ్యగా, మారుస్తారు. మొదటి బ్లాకులో హాష్, బ్లాకు నంబరు జతలు హాష్ వరసలో ఉంటాయి. జతకు 8 బైట్లే కాబట్టి ఒక బ్లాకులో 500కు పైగా పడతాయి. బైనరీ సెర్చ్‌తో (ప్రతిసారీ సగం వదిలేస్తూ వెతకడం) సరైన జత పట్టుకుని, అది చూపే బ్లాకు ఒక్కటే చదువుతారు. ఆ బ్లాకు నిండితే ఎంట్రీలను హాష్ ప్రకారం సర్ది, సగం కొత్త బ్లాకులోకి పంపుతారు. మన ఫోల్డర్‌కి జతల బ్లాకులు ఇంకో అంతస్తు కావాల్సి రావచ్చు. అయినా మూడు బ్లాకులతో పని అయిపోతుంది.

నాకు ఇందులో బాగా నచ్చింది వేరే ఉంది. జతలు చూపే కింది బ్లాకుల్లో ఎంట్రీల రూపం పాతదే. జతలుండే ఇండెక్స్ బ్లాకులేమో పాత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కంటికి ఖాళీ ఎంట్రీల్లా కనిపిస్తాయి. దాంతో ఇండెక్స్ గురించి తెలియని కెర్నల్ కూడా డైరెక్టరీని మొదటి నుంచి చివరిదాకా చదువుకోగలదు. ఎంట్రీల పాత రూపం మార్చకుండా వేగం తేవడమంటే ఇదీ!

ఇక అభ్యాసం. 4096 బైట్ల బ్లాకులతో పాత పద్ధతి డైరెక్టరీ రాయండి. ఖాళీ డైరెక్టరీలో 10,000 పేర్లు, తర్వాత మరో ఖాళీ డైరెక్టరీలో 20,000 పేర్లు చేర్చి టైమ్ చూడండి. రెండోసారి సుమారు నాలుగు రెట్లు పట్టాలి. రెండు రెట్లే పడితే, మీ కోడ్ పేరు ముందే ఉందో లేదో చూడటం లేదన్నమాట. వచ్చే పాఠంలో హాష్ కలిపేలోగా అది సరిచేయండి.