రాజకీయ తత్వం నేర్చుకుందాం – 4వ పాఠం: హక్కు అంటున్నారు, ఏ హక్కు?

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. వారం రోజుల పాటు ఎవరి నోట "హక్కు" అన్న మాట వినపడినా ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకోమన్నాను. నేనూ రాసుకున్నాను. నా నోట్‌బుక్కులో పదిహేడు తేలాయి. వాటిలో మూడు ఒకే బస్సులో, పది నిమిషాల్లో దొరికాయి. ఈ పాఠానికి ఆ మూడూ చాలు.

విశాఖలో మద్దిలపాలెం నుంచి కూర్మన్నపాలెం వెళ్లే బస్సు. ఎన్ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. కిటికీ పక్కన స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన పెద్దాయన కూర్చున్నాడు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని ఆరో క్లాసులో ఉండగా గోడల మీద బొగ్గుతో రాశానండీ. ఇప్పుడు అమ్మేస్తామంటే, అది ఎవడబ్బ సొమ్ము?" అన్నాడు. పక్క సీట్లో భుజాన తువ్వాలేసుకున్న ముసలాయన కాసేపు ఊరుకుని, "మా అయ్య మూడెకరాలిచ్చాడు బాబూ ఆ ప్లాంటుకి. మరి మా హక్కు మాటేటి?" అన్నాడు. కమ్మీ పట్టుకుని నిలబడ్డ కుర్రాడు ఒక చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి, "నష్టమొచ్చినప్పుడల్లా మా పన్నుల్లోంచి పూడ్చాలా? అదెక్కడి హక్కండీ?" అన్నాడు. ఆ తర్వాత ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. రాసుకోవడం నా వల్ల కాలేదు.

రాజకీయ తత్వానికి ఈ రోజుల్లో పనేముందని అడిగేవాళ్లకు నేను ఆ బస్సునే చూపిస్తాను. ఈ అనుమానం కొత్తది కాదు. 1956లో పీటర్ లాస్లెట్ అనే చరిత్రకారుడు, ప్రస్తుతానికి రాజకీయ తత్వం చచ్చిపోయినట్టేనని రాశాడు. పదిహేనేళ్లకు, 1971లో, న్యాయం మీద జాన్ రాల్స్ పెద్ద పుస్తకం వచ్చి ఆ మాటను తిరగేసింది. (మన ఉక్కు ఫ్యాక్టరీకి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిందీ ఆ ఏడాది జనవరిలోనే. రెంటికీ సంబంధమేమీ లేదు, గుర్తుంటుందని చెప్పాను.) ఈ శాస్త్రం చేయాల్సిన పనులను రాల్స్ తర్వాత నాలుగుగా చెప్పాడు. అందులో మొదటిది మన బస్సుకు సరిగ్గా సరిపోతుంది: తెగని తగవు వచ్చినప్పుడు లోతుకు వెళ్లి, ఇరుపక్షాలూ ఒప్పుకునేది అడుగున ఏమైనా ఉందా అని వెతకడం. మిగతా మూడూ తర్వాతి పాఠాల్లో.

వెతకాలంటే పనిముట్టు కావాలి. 1913లో వెస్లీ హోఫెల్డ్ అనే అమెరికన్ న్యాయశాస్త్ర పండితుడు, హక్కు అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయని చూపించాడు. ఆయన పెట్టిన పేర్లు పక్కనబెట్టి మన పేర్లు పెట్టుకుందాం.

మొదటిది బాకీ. ఇల్లు ఖాళీ చేశాక ఓనరు దగ్గర మీ అడ్వాన్సు ఉండిపోయిందనుకోండి, అది మీకు రావాలి, ఆయన ఇవ్వాలి. ఇవ్వాల్సినవాడు ఒకడు లేకపోతే బాకీ లేదు. రెండోది వెసులుబాటు: ఆర్కే బీచ్ ఇసుకలో సాయంత్రం కూర్చోవచ్చు, కూర్చోకూడదనే బాధ్యత మీ మీద లేదు, అంతే. మీకోసం చోటు అట్టిపెట్టాల్సిన అవసరం మాత్రం ఎవరికీ లేదు. మూడోది అధికారం. ఓనరు సంతకం పెడితే ఇల్లు మరొకరిదైపోతుంది. ఆ ఒక్క సంతకం మిగతా అందరి హక్కులనూ మార్చేస్తుంది.

నాలుగోది కాస్త కష్టం. దాన్ని కంచె అందాం. అవతలివాడికి ఆ మూడో రకం అధికారం అసలు లేకుండా చేయడమే కంచె. పాడేరు ఏజెన్సీలో 1/70 చట్టం ఇలాంటిదే. అక్కడ గిరిజనుల భూమిని గిరిజనేతరుడు ఎంత డబ్బు పోసినా కొనలేడు. కొన్నట్టు కాగితం రాసుకున్నా అది చెల్లదు. తప్పు చేసినందుకు శిక్ష వేయడం వేరు, ఆ పని జరగడానికే వీల్లేకపోవడం వేరు. అనంతగిరి వైపు గనుల లీజుల మీద సమత అనే సంస్థ నడిపిన కేసులో, 1997లో సుప్రీంకోర్టు ఆ కంచెను ప్రభుత్వం దాకా జరిపింది. షెడ్యూల్డు ప్రాంతంలోని సర్కారు భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదంది.

ఇప్పుడు బస్సెక్కండి.

1966లో ఆ నినాదం పుట్టినప్పుడు అది బాకీ. ఇవ్వాల్సింది ఢిల్లీ. ఫ్యాక్టరీ పెట్టడానికి విశాఖ అనువైన చోటని నిపుణుల బృందం చెప్పింది, అయినా కేంద్రం నాన్చింది. అమృతరావు అనే ఉద్యమకారుడు నిరాహార దీక్షకు కూర్చున్నారు, ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970లో కేంద్రం ఒప్పుకుంది. బాకీ తీరిందనే అనుకుందాం.

2021 జనవరిలో వంద శాతం వాటా అమ్మడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదం తెలిపాక అదే నినాదం మళ్లీ గోడలెక్కింది. అక్షరం మారలేదు, హక్కు రకం మారింది. ఇప్పుడది కంచె: "నీకు అమ్మే అధికారం లేదు" అంటోంది. కంపెనీ కేంద్రానిది, తన వాటా అమ్ముకునే అధికారం యజమానికి ఉంటుందన్నది మామూలు కంపెనీ లెక్క. ఏజెన్సీలో కంచె వేసినట్టు ఇక్కడ వేసిన చట్టమేదీ పెద్దాయన చూపించలేదు. ఆయన చూపించేది త్యాగం. ప్రాణాలిచ్చి తెచ్చుకున్నదాన్ని యజమాని మామూలు సరుకులా అమ్ముకోవచ్చా? ఇది చట్టం పుస్తకంలో వెతికితే దొరికే జవాబు కాదు. మన పని మొదలయ్యేది ఇక్కడే.

నా మట్టుకు నాకు త్యాగం గట్టి ఆధారమే అనిపిస్తుంది. కానీ దాన్ని ఒప్పుకున్న మరుక్షణం తువ్వాలు ముసలాయన లేచి నిలబడతాడు. ప్లాంటుకి భూమి పోయిన నిర్వాసితుల ఇళ్లకు ఆర్ కార్డులు, అంటే పునరావాస కార్డులు, ఇచ్చారు కదా, ఉద్యోగం దాని మీద రావాల్సిన బాకీ. త్యాగం కంచె వేయగలిగితే, భూమిచ్చినవాళ్ల బాకీని ముందు లెక్కలోకి తీసుకోకుండా ఆ కంచె వేయడం ఎలా? పైగా నినాదంలో "ఆంధ్రులు" ఎవరు? 1966 నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి తెలంగాణ కూడా ఉంది. పెద్దాయనకు ఈ రెండు ప్రశ్నలూ ఇబ్బందే. అలాగని ఆయన ఓడిపోయినట్టు కాదు, వాదనకు ఇంకో రెండు వాక్యాలు బాకీ పడ్డాడు.

కుర్రాడి మాటను రెండు ముక్కలు చేయాలి. నష్టం ఎంత, ప్లాంటుకి సొంత ఇనుప గనులుంటే తగ్గేదా, 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ సరిపోతుందా అన్నవి లెక్కలు తెలిసినవాళ్ల పని, మనం తప్పుకోవాలి. టీవీ చర్చల్లో అందరూ ఇక్కడే గొంతు చించుకుంటారు. రెండో ముక్క మనది: నేను అడగని ఖర్చును నా మీద బాకీగా ఎవరు వేయగలరు? ఈ ప్రశ్న ఒక్క ఉక్కుకే కాదు, మెట్రోకీ ఓడరేవుకీ కూడా వర్తిస్తుంది. కాబట్టి కుర్రాడు అన్నింటికీ ఒకే జవాబు చెప్పడానికి సిద్ధపడి అడగాలి.

ముగ్గురికీ అడుగున ఒకటి ఉమ్మడిగా ఉంది, గమనించారా? "మా దగ్గర తీసుకున్నదానికి లెక్క చెప్పండి" అంటున్నారు ముగ్గురూ. ఒకరి దగ్గర ప్రాణాలు, ఒకరి దగ్గర భూమి, ఒకరి దగ్గర పన్ను. నాకు ఇది బస్సులో తట్టలేదు. ఇంటికొచ్చి నోట్‌బుక్కులో మూడు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన ఎవరిది, ఎవరి మీద, ఏ రకం, ఏ ఆధారం అని గళ్లు గీశాక కనపడింది.

మీరూ ఆ గళ్లే గీయండి. ఈసారి వాక్యం "బీచ్ అందరిదీ". బీచ్ రోడ్డులో బజ్జీల బండివాడు, పొద్దున వాకింగ్‌కొచ్చే ఆవిడ, జాలరిపేటలో ఇసుక మీద వల ఆరబెట్టుకునే మనిషి, ముగ్గురి తరఫునా నింపండి. బండివాడి గడి నింపేముందు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఒకసారి తిరగేయండి, అక్కడ మీ మొదటి ఊహ మారవచ్చు. ఏదైనా గడి ఖాళీగా మిగిలితే కొట్టివేయకండి. వచ్చే పాఠం ఆ ఖాళీ గడితోనే మొదలుపెడదాం.