నవలను రంగస్థలం ఎక్కించే ముందు

దసరా తర్వాత వరంగల్‌లో ప్రయోగ నాటకం వేద్దామనుకుంటున్నవాళ్లు రిహార్సల్‌కు ముందే ఇవి చూసుకోండి.

– ముందు హక్కులు. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో పోయారు కాబట్టి ‘ప్రజల మనిషి’కి అనుమతి అక్కర్లేదు. దాశరథి రంగాచార్య పోయింది 2015లో. ‘చిల్లర దేవుళ్లు’ వేయాలంటే వారసుల సంతకం కావాల్సిందే. నోటిమాట నమ్మితే టికెట్లు అమ్మాక నాటకం ఆగొచ్చు.

– అనువాద నవలైతే అనువాదకుడి హక్కు వేరు.

– కథకుడి గొంతు ఒగ్గు కథ (డోలు వాయిస్తూ చెప్పే జానపద కథ) కళాకారుడికిస్తే, ఆయన్ను స్క్రిప్టు దశలోనే కూర్చోబెట్టండి. చివర్లో పిలిస్తే డోలు ఉత్త అలంకారం. (అట్లాంటివి చానా చూసినం.)

– కథంతా చెప్పకండి. ఒక్క పాత్ర చూపు చాలు.

– యాసను దిద్దకండి, పాత్ర చచ్చిపోతుంది.

– స్టేజీ లైట్లకు హాలు కరెంటు లోడు సరిపోతుందేమో అడగండి.