ఎక్సెల్‌లో తెలుగు పిచ్చి గీతలుగా వస్తుంటే ఇలా చేయండి

కందుకూరులో మా బావ ఎరువుల కొట్టు లెక్కలు సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టిక) చేసిచ్చా, వీఎస్ కోడ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఉలవపాడు, గుడ్లూరు అని చక్కగా కనపడతన్నాయి, అదే ఫైలు ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఊరి పేర్లన్నీ పిచ్చి గీతలు. ఫాంటు మార్చినా లాభం లేదు, తేడా ఎన్‌కోడింగ్‌ది, అంటే అక్షరాల్ని ఫైల్లో బైట్లుగా దాచే పద్ధతిది.

వీఎస్ కోడ్‌లో కింద కుడిపక్క యూటీఎఫ్-8 అని ఉంటది, దాన్ని నొక్కి 'సేవ్ విత్ ఎన్‌కోడింగ్', అందులో 'యూటీఎఫ్-8 విత్ బామ్' ఎంచుకోండి, అంతే. ఫైలు మొదట్లో 3 బైట్ల గుర్తు పడతది, దాన్ని చూసి ఎక్సెల్ తెలుగుని సరిగ్గా చదువుకుంటది. ఎక్సెల్ మూసేసి మళ్ళీ తెరవండి.

ఒక్కటి మాత్రం చూసుకోండి, డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన పాత ఫైళ్ళకి ఇది పనిచేయదు, అది అసలు యూనికోడే (అన్ని భాషల అక్షరాలకీ ఉన్న ఉమ్మడి కోడ్) కాదు, ముందు కన్వర్టర్‌లో మార్చుకోవాల్సిందే.